నగర కళాకారులు, నగర మ్యూజియం

ప్రశ్న: మా నగరంలో చిత్రకారులు, శిల్పులు కలిపి నలభై మందిమి ఉన్నాము. ఇక్కడి కళా మ్యూజియంలో ఎక్కడెక్కడి కళాఖండాలో ఉన్నాయి గాని, మాలో ఒక్కరి పని కూడా లేదు. బతికున్న స్థానిక కళాకారులకు చోటివ్వడం మ్యూజియం పని కాదా?
– ఒక చిత్రకారిణి

జవాబు: ముమ్మాటికీ మ్యూజియం పనే. అయితే ఈ ఎడం నిన్న మొన్న ఏర్పడినది కాదు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం 1793లోనే ప్రజలకు తలుపులు తెరిచినా, బతికున్న కళాకారుల కోసం 1818లో లగ్జంబర్గ్ మ్యూజియాన్ని విడిగా ఏర్పాటు చేయవలసి వచ్చింది. అక్కడి చిత్రం లూవ్ర్‌కు చేరాలంటే, దానిని వేసినవారు కన్నుమూసి సాధారణంగా పదేళ్లయినా గడవాలి. కాలం వడపోసిన తరువాతే తీసుకుందామన్న ఆ జాగ్రత్త నేటికీ చాలా మ్యూజియాలలో కనిపిస్తుంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. ఒకసారి రిజిస్టరులోకి ఎక్కిన కళాఖండాన్ని తరతరాలపాటు కాపాడవలసిన బాధ్యత మ్యూజియానిది కనుక, నిల్వ స్థలం, బీమా, మరమ్మతు, గాలిలో తేమను అదుపులో ఉంచడం అన్నీ ఎప్పటికీ తీరని ఖర్చులే. కాని సేకరించడం వేరు, చూపించడం వేరు. శాశ్వతంగా తీసుకోలేని పనిని మూడు నెలలు ప్రదర్శించడానికి ఈ కారణాలేవీ పెద్ద అడ్డంకులు కావు.

మ్యూజియం కాదన్నందువల్లనే మరో మ్యూజియం పుట్టిన సందర్భం కూడా ఉంది. న్యూయార్క్‌లో శిల్పి గెర్‌ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీ తన కాలపు అమెరికన్ కళాకారుల పనులను ఏళ్ల తరబడి కొంటూ వచ్చి, 1929లో ఐదు వందలకు పైగా కళాఖండాలను అక్కడి పెద్ద కళా మ్యూజియమైన మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తానంటే, ఆ సంస్థ వద్దన్నది. ఆమె 1931లో, కళాకారులు నివసించే గ్రెనిచ్ విలేజ్‌లోనే విట్నీ మ్యూజియాన్ని తెరిచారు. ఆమె సంపన్నురాలు, ఆ దారి అందరికీ ఉండదు. మీకు దగ్గరగా తోచేది, అదే నగరంలో 1968లో ఒక అద్దె స్థలంలో మొదలైన, నల్లజాతి ప్రజల పేటగా పేరున్న హార్లెంలోని స్టూడియో మ్యూజియం. దాని పేరులో స్టూడియో అన్న మాట ఊరికే చేరలేదు. కళాకారులు మ్యూజియంలోనే ఉండి పనిచేయాలన్న ఆలోచనను చిత్రకారుడు విలియం టి. విలియమ్స్ ముందుకు తెచ్చారు. ఆఫ్రికన్ సంతతి కళాకారులు ఎందరో అక్కడ పనిచేసి పేరు తెచ్చుకున్నారు.

కాబట్టి మీ సంఘం మొదట అడగవలసినది గోడ మీద శాశ్వతమైన చోటు కాదని నా అభిప్రాయం. ఏడాదికి ఒక్కసారి ఒక్క గది అడగండి. ఎంపికకు ఎవరైనా తమ పనిని పంపగలిగేలా బహిరంగ ఆహ్వానం ఉండాలని కోరండి. లండన్‌లోని రాయల్ అకాడమీ వేసవి ప్రదర్శన 1769 నుంచి ప్రతి ఏటా ఆ పద్ధతిలోనే జరుగుతున్నది. మ్యూజియంలో కళాఖండాలను ఎంచి, ప్రదర్శనలు రూపొందించే క్యూరేటర్లను మీ స్టూడియోలకు పిలవండి. అంతకంటే ముందు, నలభై మంది పనులకూ ఒక జాబితా తయారు చేయండి: పేరు, సంవత్సరం, మాధ్యమం (నూనెరంగులా, రాయా, కంచా అన్నది), సెంటీమీటర్లలో కొలతలు, మంచి ఫొటో, ఆ పని ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదీ. ఇది విసుగు పుట్టించే పనే, కాని ఏ ఆధారమూ రాసిలేని పనిని ఏది తీసుకోవాలో తేల్చే మ్యూజియం సేకరణ సంఘం ముందు సమర్థించడం ఎంత మంచి క్యూరేటర్‌కైనా కష్టం.

ప్రశ్న: మా నాన్నగారు వేసిన రెండు వందల నీటిరంగుల చిత్రాలు ఇంట్లో ఉన్నాయి. ఎప్పుడూ ప్రదర్శనలోనే ఉంచాలన్న షరతుతో అన్నింటినీ మ్యూజియానికి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ షరతు పెట్టకండి, నాన్నగారి చిత్రాలకే అది హాని చేస్తుంది. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, అలా పోయిన రంగు తిరిగి రాదు. అందుకే మ్యూజియాలు వాటిని సుమారు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మసక వెలుతురులో, అది కూడా కొన్ని నెలలే ఉంచి, తిరిగి చీకటిలో భద్రపరుస్తాయి. రెండు వందలూ తీసుకొమ్మని అడగడం కంటే, ఆయన పని ఎలా ఎదిగిందో తెలిపే పది పదిహేను చిత్రాలను క్యూరేటర్‌నే ఎంచుకోమనండి. ఆయన ఉత్తరాలు, చిత్తుబొమ్మల పుస్తకాలు ఉంటే పారేయకుండా వాటిని కూడా చూపించండి. దానపత్రం రాసేటప్పుడు కాపీరైటు సంగతి విడిగా తేల్చుకోవడం అవసరం. చిత్రాన్ని ఇచ్చినంత మాత్రాన, దానిని పుస్తకాలలో, కార్డుల మీద అచ్చు వేసుకునే హక్కు సాధారణంగా దానితో పాటు పోదు.