సీఆర్ఎంఓ ఉన్న బాబుకి పామిడ్రోనేట్ ఎక్కిద్దామంటున్నారు, భయపడాలా?

నొప్పి, వాపు తగ్గించే నాప్రాక్సెన్ నాలుగు నెలలు వాడాక కూడా మీ బాబుకి ఎమ్మారైలో వెన్నుపూస వాపు కనిపించిందని, ఎముక అరుగుదలను తగ్గించే మందు పామిడ్రోనేట్ సెలైన్‌లో ఎక్కిద్దామన్నారని రాశారు. మా పాపదీ ఇదే జబ్బు, సీఆర్ఎంఓ, అంటే క్రిమి ఏదీ లేకుండానే ఎముకల్లో మళ్లీ మళ్లీ వాపు రావడం. మేం బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటాం.

దానికి ఎనిమిదో ఏట కాలర్ బోన్ దగ్గర ఉసిరికాయంత గడ్డ తేలింది. స్కూల్ బ్యాగు పట్టీ తగిలితే చాలు, ఏడ్చేది. మొదట చూపించిన చోట ఎముకలో చీము అని ఆరు వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. గడ్డ కదల్లేదు. బయాప్సీలో క్రిమీ లేదు, క్యాన్సరూ కాదు. పిల్లల రుమటాలజిస్టు ఒళ్లంతా ఎమ్మారై తీయిస్తే, నొప్పే లేని మోకాలి కింద కూడా వాపుంది. రోగనిరోధక వ్యవస్థే ఎముకలో వాపు తెస్తుంటే యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?

నాప్రాక్సెన్ రోజుకు రెండు పూటలా, ఇడ్లీయో రాగిజావో కడుపులో పడ్డాకే వేసేదాన్ని. మూడు వారాలకి నొప్పి పోయిందని నా అంతట నేనే మానిపించాను, బుద్ధి తక్కువై. నెల తిరక్కుండా కుంటడం మొదలెట్టింది. నొప్పి తగ్గినా లోపల వాపు ఉండొచ్చని అప్పుడు తెలిసింది.

వెన్నుపూస విషయంలో మాత్రం డాక్టర్లు ఎక్కువ ఆగరు, పూస కుంగిపోతుందని. మీ డాక్టరు తొందర నాకు సబబుగానే ఉంది. మా పాపకి వరుసగా మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు ఎక్కించారు, మూడు నెలలకోసారి. ముందు కాల్షియం, విటమిన్ డి, కిడ్నీ పరీక్షలు, పళ్ల డాక్టరు దగ్గర చూపించడం. మొదటి రాత్రి 102 జ్వరం, ఒళ్లు నొప్పులు. ముందే చెప్పారు కాబట్టి పారాసిటమాల్ వేసి కూర్చున్నాం, లేకపోతే అర్ధరాత్రి ఆటో ఎక్కేవాళ్లమే. రెండో విడతకి అదీ లేదు.

దీనికీ లొంగకపోతే రోగనిరోధక వ్యవస్థ జోరు తగ్గించే మెథోట్రెక్సేట్, అడాలిముమాబ్ లాంటి మందులు ఉన్నాయి. మొదటిది వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. రెండోదానికి ముందు టీబీ పరీక్ష తప్పదు. నాప్రాక్సెన్ కూడా కొనసాగించాలా అని మీ డాక్టర్‌ని అడగండి, అదీ పామిడ్రోనేటూ రెండూ కిడ్నీలతో పనున్నవే.

ఎక్కించే రోజు బాబుకి పొట్టి చేతుల చొక్కా వేయండి. డబ్బాలో తినడానికేమైనా పెట్టుకెళ్లండి. మాది మూడు రోజులూ పులిహోరే కావాలంది.