సెలవు చీటీలో ‘జ్వరం’ అని రాయకండి

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయికి 12 ఏళ్లు, ప్రైవేటు బడిలో ఏడో తరగతి. కొంచెం నత్తి. హాజరు పిలిచినప్పుడు నోరు తెరిస్తే చాలు, నలుగురు పిల్లలు ‘ప్ర... ప్ర... ప్రెజెంట్’ అని వెక్కిరిస్తారు. బస్సులో కొడుతున్నారు. రెండు నెలలుగా అన్నం డబ్బా తెరవకుండానే తిరిగొస్తోంది. రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. హెడ్మాస్టరును అడిగితే ‘పిల్లలన్నాక మామూలే’ అన్నారు. పోలీసు కేసు పెట్టవచ్చా?

జవాబు: అమ్మా, ఇది మామూలు కాదు. ఆ వయసు పిల్లవాడు పక్క తడుపుతున్నాడంటే లోపల ఎంత భయం గూడు కట్టుకుందో! ముందు బాబును రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. నలుగురూ ఏమంటారోనని వెనకాడకండి. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 ఉంది. డాక్టరు రాసిచ్చే చీటీ రేపు మీ ఫిర్యాదుకు బలం కూడా.

ఇక కేసు సంగతి. కొట్టినవాళ్లూ పిల్లలే. వాళ్ల విషయం 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఇలాంటి చిన్న నేరాలకు వాళ్లపై సాధారణంగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. అందుకే బడిని నిలదీయమంటాను. పిల్లవాడు తమ అధీనంలో ఉండగా, తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసి వాడిని బాధల పాలు చేస్తే అదే చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. మన రాష్ట్రంలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టమూ ఉంది. ఫిర్యాదు అందాక కూడా చర్య తీసుకోని సంస్థ అధిపతిని అది నేరానికి ప్రేరేపించినవాడిగానే లెక్కిస్తుంది.

నోటిమాట గాలికి పోతుంది. కాగితం మీద పెట్టండి. బాబు చెప్పింది వాడి మాటల్లోనే రాయండి: ‘మంగళవారం, బస్సు చివరి సీటు, చెవి మెలిపెట్టారు.’ మీ దగ్గరుంచుకునే ప్రతిపై అందినట్లు సంతకం, ముద్ర వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని విశాఖ నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఆదేశించింది. మీ బడిలో ఆ కౌన్సెలర్ ఎవరో ఫిర్యాదులోనే అడగండి.

కదలిక లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి, బాలల సంక్షేమ కమిటీకి రాయండి. పిల్లల సహాయవాణి 1098కు ఫోను చేసినా చాలు. వకీలు ఫీజు గురించి దిగులు వద్దు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

కోపంలో ఆ పిల్లల ఫొటోలు, పేర్లు వాట్సాప్‌లో పెట్టకండి. చిక్కుల్లో పడేది మీరే. బాబును ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు సెలవు చీటీలో మాత్రం ‘జ్వరం’ అని రాయకండి. అసలు కారణమే రాసి, దానికీ ఒక నకలు ఉంచుకోండి.