నెలనెలా రౌటర్‌కి అద్దె ఎందుకు కట్టాలి చెల్లీ?

"అక్కా, ఇంటర్నెట్ బిల్లులో ఎక్విప్‌మెంట్ అని 15 డాలర్లు వేస్తున్నారు, సొంత రౌటర్ కొనుక్కుంటే అది పోతుందా?" అని అడిగావు. పోతుంది. కానీ షాపుకెళ్ళి రౌటర్ ఒక్కటే కొనుక్కొస్తే పోదు. ఆ తేడా నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది, నీకు అంత పట్టకూడదనే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను 2012 జూలైలో హెచ్4 మీద, అంటే హెచ్1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, అమెరికాలో టెక్సాస్‌లోని అర్వింగ్ వచ్చాను. అప్పట్లో హెచ్4 వాళ్ళకి పనిచేసే వీలే లేదు, ఈఏడీ అనే పని అనుమతి, అదీ కొందరికే, 2015 మేలో గానీ రాలేదు. ఇంట్లో ఒకటే జీతం, నరసరావుపేటలో మా మామగారి వైద్యానికి నెలనెలా పంపాలి, అద్దె కట్టాలి, కారు వాయిదా కట్టాలి. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక నేను ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి బిల్లూ రాసేదాన్ని, ఎడమవైపు డాలర్లు, కుడివైపు రూపాయలు. ఇంటర్నెట్ బిల్లులో మోడెమ్ అద్దె 7 డాలర్లు కనిపించింది. డాలరు 55 రూపాయలున్న రోజులు, అంటే 385 రూపాయలు. మా అమ్మ పాలవాడికి నెలకి ఇంచుమించు అంతే ఇచ్చేది. ఒక ప్లాస్టిక్ డబ్బా మూలన కూర్చున్నందుకు నెలంతా పాల డబ్బులా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు వచ్చేవాళ్ళు బిల్లు తెరిచి కూడా చూడరు, ఆటోపే పెట్టేసి వదిలేస్తారు. నువ్వు ఆ లైను చూశావు, అందుకే నీకు జవాబు రాయాలనిపించింది.

మొదట ఏం చేశానంటే, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న డబ్బా పెట్టెలోంచి తీశాను. మా తమ్ముడు వాళ్ళ ఇంట్లో టెలిఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కి వాడినది, వాడు కొత్తది మార్చుకుని పాతది నాకిచ్చాడు. ప్లగ్గుకి కన్వర్టర్ పెట్టాను, అడాప్టర్ మీద 100-240 అని ఉంది కాబట్టి కరెంటు సంగతి సరిపోయింది, లైట్లు వెలిగాయి. తీరా చూస్తే గోడలోంచి వచ్చే తీగ దానికి పట్టదు. టెలిఫోన్ తీగకి చిన్న చదరపు గుబ్బ ఉంటుంది కదా, ఇక్కడ అపార్ట్‌మెంట్ గోడలో ఉన్నది మన కేబుల్ టీవీ తీగ లాంటిది, గుండ్రంగా, మధ్యలో సూదిలా రాగి తీగ, చుట్టూ మరలు తిప్పి బిగించే నట్టు. దాన్ని కోయాక్సియల్ కేబుల్ అంటారని కూడా తెలియదు నాకప్పటికి. ఇండియా డబ్బా ఇక్కడ నేరుగా పనికి రాదు, సూట్‌కేసులో ఆ చోటుకి చింతపండు తెచ్చుకోండి.

తరువాత షాపుకెళ్ళి 60 డాలర్ల రౌటర్ తెచ్చాను. డబ్బా మీద వైర్‌లెస్, హై స్పీడ్ అని పెద్ద అక్షరాలు. దానికీ ఆ గుండ్రటి తీగ పెట్టే చోటు లేదు. అప్పుడు గానీ బుర్రకెక్కలేదు, ఇవి రెండు వేరు వేరు వస్తువులని. మోడెమ్ అనేది కంపెనీ తీగలో వచ్చే సిగ్నల్‌ని ఇంటర్నెట్‌గా మార్చి ఇస్తుంది. రౌటర్ దాన్ని ఇంట్లో ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ పంచుతుంది, వైఫై ఇచ్చేది ఇదే. కంపెనీ వాళ్ళు చాలాసార్లు రెండూ కలిపి ఒకే డబ్బాగా ఇస్తారు, గేట్‌వే అంటారు దాన్ని, అందుకే మనకి తేడా తెలియదు. నీ బిల్లులో ఉన్న 15 డాలర్లు చాలావరకు ఆ జంట డబ్బాకే. దాన్ని వెనక్కి ఇచ్చేయాలంటే రెండూ నీవే ఉండాలి. ఆ 60 డాలర్ల రౌటర్ వాపసు ఇచ్చాను, అట్ట డబ్బా చించానని 9 డాలర్లు కోసుకున్నారు. నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

మూడోది ఇంకా బాధ. మా అపార్ట్‌మెంట్లో ఒక కుటుంబం వేరే రాష్ట్రానికి మారుతూ సామాన్లు అమ్మేస్తుంటే 20 డాలర్లకి మోడెమ్ తీసుకున్నాను. ఇంటికొచ్చి కంపెనీకి ఫోన్ చేస్తే ముందు "అకౌంటు ఎవరి పేరు మీద ఉంది, ఆయనతోనే మాట్లాడతాం" అన్నారు. మా ఆయన ఆఫీసులో మీటింగు మధ్యలో బయటికొచ్చి మాట్లాడాల్సి వచ్చింది. ఆ రోజే నా పేరు కూడా అకౌంటులో చేర్పించాను, నువ్వూ ముందు ఆ పని చేయించు, మీ వారితో ఒక్కసారి ఫోన్ చేయిస్తే చాలు, ఆ తరువాత ఏ పనికీ ఆయన లంచ్ బ్రేక్ కోసం ఎదురు చూడక్కర్లేదు. ఇంతకీ ఆ మోడెమ్ ఇంకా పాతవాళ్ళ అకౌంటుకే కట్టి ఉంది, వాళ్ళు విడిపించలేదు, కాబట్టి మాకు ఎక్కించం అన్నారు. ఆ పాతవాళ్ళు కంపెనీకి ఫోన్ చేస్తే పోయేదే, కానీ ఊరు మారాక ఎవరు ఎత్తుతారు? 20 డాలర్లు పోయాయి. పాత మోడెమ్ కొనాలనుకుంటే అమ్మేవాళ్ళ ముందే కంపెనీకి ఫోన్ చేయించి నంబరు విడిపించాకే డబ్బివ్వు. నన్నడిగితే మోడెమ్ కొత్తదే కొను, పాతది కొనుక్కోగలిగింది రౌటర్ మాత్రమే.

చివరికి మోటరోలా ఎస్‌బీ6121 అనే మోడెమ్ 70 డాలర్లకి, చిన్న రౌటర్ 50 డాలర్లకి కొన్నాను. ఆ మోడెమ్ డాక్సిస్ 3.0 రకం, డాక్సిస్ అంటే కేబుల్ తీగ మీద ఇంటర్నెట్ నడిచే పద్ధతి, నంబరు పెరిగితే వేగం ఎక్కువ. ఇప్పుడు నువ్వు కొంటే డాక్సిస్ 3.1 రకం తీసుకో, 3.0 ఇంకా దొరుకుతుంది, చవక కూడా, కానీ వేగం పెంచుకున్న రోజున మళ్ళీ కొనాలి. మీ కంపెనీ ఏ మోడెమ్‌లు ఒప్పుకుంటుందో వాళ్ళ సైట్‌లోనే జాబితా ఉంటుంది, డబ్బా మీద ఏం రాసి ఉన్నా ఆ జాబితాలో లేనిది కొనకు.

మోడెమ్ మార్చిన రోజు సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే అందరూ టెన్షన్ పడి పాత డబ్బా మళ్ళీ తగిలించేస్తారు. మోడెమ్ కింద ఒక స్టిక్కర్ ఉంటుంది, దాని మీద మ్యాక్ అని 12 అక్షరాలు, అంకెలు సున్నా నుంచి 9, అక్షరాలు ఏ నుంచి ఎఫ్ వరకే. ఆ నంబరు కంపెనీ వాళ్ళు తమ దగ్గర ఎక్కిస్తేనే మోడెమ్ పలుకుతుంది. నేను ఫోన్లో చదివాను. నా 'బీ' అవతలి ఆవిడకి 'డీ' లాగా వినపడింది. ఆవిడ అలాగే ఎక్కించింది. రెండు రోజులు ఇంటర్నెట్ లేదు, ఇంటికి వీడియో కాల్ లేదు, మా అత్తగారు ఏమైందోనని మా ఆయన సెల్‌కి ఐదుసార్లు చేశారు. మూడోరోజు ఇంకొకాయన ఓపిగ్గా "బీ యాజ్ ఇన్ బాయ్, డీ యాజ్ ఇన్ డేవిడ్" అని నాతో ఒక్కొక్క అక్షరం పలికించాడు, పది నిమిషాల్లో ఆన్‌లైన్ లైటు మెరవడం ఆగి నిలకడగా వెలిగింది. ఇప్పుడు చాలా కంపెనీలు యాప్‌లోనే ఎక్కించుకోనిస్తున్నాయి, నీకు ఈ పాట్లు ఉండకపోవచ్చు, కానీ ఫోన్లో చెప్పాల్సి వస్తే ఆ పద్ధతిలోనే చెప్పు, చెప్పాక తిరిగి చదివించుకో.

ఇంకొకటి. మోడెమ్ తనకి మొదట తగిలించిన వస్తువునే గుర్తు పెట్టుకుంటుంది. ముందు లాప్‌టాప్ తగిలించి చూసి, పని చేసింది కదా అని తీగ తీసి రౌటర్‌కి పెడితే ఇంటర్నెట్ రాదు. రౌటర్ పాడైందనుకుని నేను దాన్నీ వాపసు ఇవ్వబోయాను. మోడెమ్ కరెంటు తీసి, ఒక నిమిషం ఆగి, రౌటర్ తీగ పెట్టి మళ్ళీ కరెంటు ఇస్తే చక్కగా వచ్చింది. ఆ గుండ్రటి నట్టు చేత్తో బిగుతుగా తిప్పు, వదులుగా ఉంటే నెట్ వచ్చి పోతూ ఉంటుంది, మనం కంపెనీని తిడుతూ కూర్చుంటాం.

రౌటర్‌లో పాత డబ్బాకి ఉన్న వైఫై పేరు, పాస్‌వర్డ్ యథాతథంగా పెట్టుకో. ఇంట్లో టీవీ, ఫోన్లు, అన్నీ వాటంతట అవే పట్టుకుంటాయి, ఒక్కోదానికీ మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టే పని ఉండదు. కానీ రౌటర్ లోపలి సెట్టింగ్స్‌కి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం వెంటనే మార్చెయ్, వైఫై సెక్యూరిటీ రకం అని అడిగే చోట డబ్ల్యూపీఏ3 గానీ డబ్ల్యూపీఏ2 గానీ పెట్టు, అప్‌డేట్లు ఆటోమేటిక్ అని ఎంచుకో. 300 డాలర్ల రౌటర్ కొనమని మీ వారి స్నేహితులు చెప్తారు, వినకు. ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడలు మన ఇటుక గోడల్లా కాదు, చెక్క చట్రం మీద పలచటి జిప్సం బోర్డు, వైఫై సునాయాసంగా దాటుతుంది. డబుల్ బెడ్రూమ్‌కి 70, 80 డాలర్ల రౌటర్ సరిపోతుంది. మైక్రోవేవ్ పక్కన, టీవీ వెనక దాచకుండా హాల్లో ఎత్తుగా పెట్టు చాలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నెలకి 15 అంటే ఏడాదికి 180, డాలరు 85 వేసుకున్నా 15,300 రూపాయలు. మోడెమ్ 130, రౌటర్ 70 అనుకో, 200. పదమూడు, పద్నాలుగు నెలల్లో తిరిగొచ్చేస్తుంది, ఆ తరువాతంతా మిగులే. నా మోడెమ్ 5 ఏళ్ళు పనిచేసింది, 60 నెలలకి 420 డాలర్ల అద్దె తప్పింది, సామాన్లకి పెట్టిన 120, నేను పోగొట్టుకున్న 29 తీసేస్తే 271 మిగిలాయి. ఉద్యోగం లేని మనిషిగా ఆ ఇంటికి నేను సంపాదించి పెట్టిన మొదటి డబ్బు అది, నాకు ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

అయితే అందరికీ ఈ లెక్క కుదరదు. మీ ప్లాన్‌లో డబ్బా ఉచితం అని ఉంటే, వెనక్కి ఇచ్చినా ఒక్క పైసా తగ్గదు, ఊరుకో. ఆరునెలల్లో క్లయింట్ మారి ఇంకో ఊరు వెళ్ళే మాట ఉంటే, అక్కడ ఫైబర్ ఉంటే నీ కేబుల్ మోడెమ్ అటక మీదకే. ఫైబర్ అయితే గోడకి వాళ్ళు పెట్టిన డబ్బా అలాగే ఉంచాలి, చాలాచోట్ల రౌటర్ ఒక్కటి మార్చుకోవచ్చు, కొన్ని కంపెనీల గేట్‌వే తీయనే కూడదు, దాని వెనకే మనది పెట్టుకోవాలి, అప్పుడు అద్దె తగ్గదు. ఇంటర్నెట్‌తో పాటు ల్యాండ్‌లైన్ ఉంటే మామూలు మోడెమ్ చాలదు, ఫోన్ తీగ పెట్టుకునే రకం కావాలి. సొంత పరికరం వాడుతున్నవాళ్ళ దగ్గర ఆ పరికరానికి అద్దె తీసుకోకూడదని 2020 డిసెంబర్ 20 నుంచి చట్టం అమల్లో ఉంది, ఇక్కడ ఫోన్, ఇంటర్నెట్ కంపెనీలని చూసుకునే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ సైట్‌లో చదువుకోవచ్చు.

పాత డబ్బా విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. కొత్తది రెండు రోజులు నిలకడగా పనిచేసేదాకా ఇవ్వకు, ఆ తరువాత ఆలస్యం చేయకు. నేను వాళ్ళ స్టోర్‌కి తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టి, థాంక్యూ చెప్పి వచ్చేశాను. రసీదు అడగలేదు. రెండో నెల బిల్లులో, డబ్బా తిరిగి ఇవ్వలేదని 100 డాలర్ల పైన వేశారు. ఆరు వారాలు ఫోన్లు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ కథ మొదటినుంచి. ఏ తేదీన, ఎన్ని గంటలకి ఇచ్చానో నా నోటు పుస్తకంలో ఉంది కాబట్టి చివరికి వాళ్ళ స్టోర్‌లో వెతికి ఆ చార్జీ తీసేశారు, లేకపోతే ఆ 271 మొత్తం మిగిలేది కాదు. కాబట్టి డబ్బా మీది సీరియల్ నంబరు ఫోటో తీసుకో, అడాప్టర్‌తో సహా ఇచ్చెయ్, ఆ నంబరు అచ్చయిన రసీదు చేతిలో పడేదాకా కౌంటర్ దగ్గరి నుంచి కదలకు. తరువాత వచ్చే రెండు బిల్లుల్లో అద్దె లైను పోయిందో లేదో చూడు, పోకపోతే అదే రోజు ఫోన్ చెయ్.

ముందు మీ ప్లాన్ కేబులో ఫైబరో, ఫోన్ లైను ఉందో లేదో కనుక్కుని రాయి, ఏ మోడెమ్ కొనాలో అప్పుడు చెప్తాను. అప్పటిదాకా ఏదీ ఆర్డర్ పెట్టకు.