ఇన్ని చట్టాలు చేశారు, మన దేశంలో పొగ తాగడం నిజంగా తగ్గిందా?

తగ్గింది, కాకపోతే నిదానంగా. 2003లో కోట్పా (సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల నియంత్రణ) చట్టం వచ్చింది, 2008 అక్టోబర్ 2 నుంచి పబ్లిక్ ప్లేసుల్లో బ్యాన్, 2016లో ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మ 85 శాతానికి పెంచారు. గాట్స్ (పెద్దవాళ్లలో పొగాకు వాడకం మీద చేసే సర్వే) ప్రకారం 2009-10లో పెద్దవాళ్లలో 14 శాతం మంది పొగ తాగేవాళ్లు, 2016-17కి 10.7 అయింది. మొత్తం చట్టం పుణ్యమే అనలేం గానీ, బస్సులో పక్కనోడు బీడీ వెలిగించే రోజులైతే పోయాయి కదా. అసలు లొసుగంతా లూజు సిగరెట్ దగ్గరుంది, టీ కొట్టు దగ్గర ఒక్కటి కొని అక్కడే తాడుకి కట్టిన లైటర్‌తో వెలిగించుకునేవాడికి ఆ క్యాన్సర్ బొమ్మ కనపడేదెప్పుడు, ట్యాక్స్ పెంచినా ఒక్కోదాని మీద పడేది కొద్దిగానే, ప్యాకెట్ కొన్నంత నొప్పి తెలీదు. ఇక బీడీ మీద ట్యాక్స్ సిగరెట్ కంటే ఎప్పుడూ తక్కువే, తాగేవాళ్లు మాత్రం దానికే ఎక్కువ.