ఏ మాట ఏ మాటకు ముడిపడింది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. పాత్రల గురించీ ముగింపు గురించీ తరువాత మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం నీ వాక్యాల కోసమే రాస్తున్నాను. మాటలకు నీకు కరువు లేదు. వాటిని గుత్తులు కట్టేటప్పుడే దారం జారిపోతోంది.

నీ మొదటి పేజీలో చక్కగా కుదిరిన వాక్యం ఒకటుంది: "మా వీధి చివరి వేపచెట్టు కింద ఒక ముసలాయన రోజూ చెప్పులు కుడతాడు." మాటలు పది. ముక్కలు మాత్రం ఐదే. "మా వీధి చివరి వేపచెట్టు కింద" అన్న ఐదు మాటలూ తీసేసి "అక్కడ" అను, వాక్యం చెక్కుచెదరదు. ఒక్క మాటకు చోటిచ్చి తప్పుకున్నాయంటే ఆ ఐదూ కలిసి ఒకే పదబంధం. ఇప్పుడు దాన్ని మొత్తంగా ఎత్తి ఇంకోచోట పెట్టు: "ఒక ముసలాయన రోజూ మా వీధి చివరి వేపచెట్టు కింద చెప్పులు కుడతాడు." ఇదీ బాగుంది. సగం తుంచి పెడితే? "వేపచెట్టు కింద ఒక ముసలాయన మా వీధి చివరి రోజూ..." ఇక చదవలేం. బదులు మాట పెట్టి చూడటం, మొత్తంగా జరిపి చూడటం: బంధం హద్దు ఎక్కడో తేల్చుకోవడానికి ఈ రెండు పరీక్షలు చాలు.

ఆ బంధంలో పిడి ఎక్కడుందో గమనించు. చివర ఉంది. వేపచెట్టు కింద, వేపచెట్టు మీద, వేపచెట్టు నుంచి, వేపచెట్టు కోసం. ముందు మాటలు అలాగే ఉంటాయి, చివరి మాట మారితే బంధం చేసే పని మారిపోతుంది. తెలుగులో వర్ణన అంతా ముందు నడుస్తుంది, అసలు మాట వెనక వస్తుంది, దాని తోకకు విభక్తి తగులుకుంటుంది. అందుకే దిద్దుకునేటప్పుడు ప్రతి బంధంలోనూ ముందుగా తోకనే చూడాలి.

వాక్యానికి మూడు కావాలని 14వ శతాబ్దపు ఆలంకారికుడు విశ్వనాథుడు చెప్పాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆయన సన్నిధిని ఆసత్తి అన్నాడు. ఒక మాట ఇంకో మాటను అడగడం ఆకాంక్ష. "ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు" అంటే ఏదీ దేన్నీ అడగదు కాబట్టి అది వాక్యం కాదు. కలిసిన మాటల అర్థాలు పొసగడం యోగ్యత. "నిప్పుతో తడుపుతున్నాడు" అంటే పొసగదు. కలవాల్సినవి దగ్గరగా ఉండటం సన్నిధి. "దేవదత్తుడు" అని ఇవాళ అని, "వెళ్తున్నాడు" అని ఇంకో రోజు అంటే రెండూ అతుక్కోవు. ఇది పండితుల చర్చ కదా, మనకెందుకు అనుకోకు. నీ కథలో నేను పెన్సిలుతో గీసిన చోట్లన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పినవే, ఎక్కువ భాగం మూడోది.

"నిన్న వచ్చిన రవి తమ్ముడు" అని రాశావు. వచ్చింది రవా, తమ్ముడా? "వచ్చిన" పక్కన రవి ఉన్నాడు, కాబట్టి పాఠకుడు ముందు రవికే ముడివేస్తాడు. నువ్వు తమ్ముణ్ణి అనుకున్నావు. అలాంటప్పుడు వాక్యాన్ని విప్పేయడమే మేలు: "నిన్న రవి తమ్ముడు వచ్చాడు." "కొత్త పుస్తకాల కొట్టు"దీ అదే కథ. కొట్టు కొత్తదైతే "కొత్తగా పెట్టిన పుస్తకాల కొట్టు" అనాలి. "రేపు వస్తానని చెప్పమన్నాడు" ఇంకా చిక్కు. రావడం రేపా, చెప్పడం రేపా? రెండోదైతే "వస్తానని రేపు చెప్పమన్నాడు" అని మాటను దాని క్రియ పక్కకు జరుపు. "నిన్న వస్తానని చెప్పాడు" అన్నదాంట్లో మాత్రం యోగ్యత కొంత ఆదుకుంటుంది. వస్తాను అన్నది రాబోయే సంగతి, దానికి నిన్న పొసగదు, అందుకని అది ఎగిరి "చెప్పాడు" మీద వాలుతుంది. అర్థమవుతుంది, కానీ ఒక క్షణం తడబడ్డాకే. కథలో అలాంటి క్షణాలు ఇరవై పోగైతే పాఠకుడు ఎందుకో తెలియకుండానే అలిసిపోతాడు.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది చేసిన, చేసే, చేస్తున్న, చేయని అన్న రూపాల దగ్గర. "కూర కోసిన కత్తి", "కత్తితో కోసిన కూర", "కూర కోసిన అమ్మాయి", "కూర కోసిన రోజు" వరసగా చూడు. నాలుగింట్లోనూ "కోసిన" ఒక్కటే. ఒకచోట పనిముట్టు, ఒకచోట కోయించుకున్న వస్తువు, ఒకచోట కోసిన మనిషి, ఒకచోట కాలం. విప్పి రాస్తే కత్తితో, కూరను అని విభక్తులు బయటపడతాయి. విశేషణంగా మడిస్తే, వెనక్కి వెళ్ళిన మాటకున్న విభక్తి రాలిపోతుంది. రాలినదాన్ని పాఠకుడు లోకజ్ఞానంతో తిరిగి అతికించుకుంటాడు. కత్తి దేన్నైనా కోస్తుంది గానీ కూర దేన్నీ కోయదని అతనికి తెలుసు కాబట్టి సరిపోయింది.

లోకజ్ఞానం రెండు వైపులకూ ఒప్పుకునే చోటే ప్రమాదం. "తాను వచ్చిన ఊరు గుర్తొచ్చింది" అన్నావు. ఏ ఊరి నుంచి వచ్చాడో ఆ ఊరా, ఏ ఊరికి వచ్చాడో ఆ ఊరా? నుంచి, కి రెండూ రాలిపోయాయి. పోయిన విభక్తిని తిరిగి పెట్టలేం గనక ఆ అర్థాన్ని మోసే క్రియ తెచ్చుకోవాలి: "తాను వదిలి వచ్చిన ఊరు." కొన్ని విభక్తులైతే ఇలా రాలడానికి అసలు ఒప్పుకోవు. "నేను సినిమాకు వెళ్ళిన స్నేహితుడు" తెలుగు కాదు. "నాతో సినిమాకు వచ్చిన స్నేహితుడు" అనాల్సిందే. ఇక "సుబ్బయ్య కొట్టిన మనిషి", "సుబ్బయ్యను కొట్టిన మనిషి" రెండూ పక్కపక్కన పెట్టి చదువు. ఒక్క "ను" పడిపోతే దెబ్బలు తిన్నవాడు ముద్దాయి అవుతాడు. నీ ఐదో పేజీలో సరిగ్గా అదే జరిగింది.

అలాగని ప్రతిదానికీ ను, ని తగిలించకు. ప్రాణమున్నవాటికి అది కావాలి: రవిని చూశాడు, ఆవును తోలాడు. ప్రాణం లేనివాటికి మామూలుగా అక్కర్లేదు: అన్నం తిన్నాడు, ఉత్తరం చదివాడు. "అన్నాన్ని తిన్నాడు, నీళ్ళను తాగాడు" అంటే అనువాదం వాసన వేస్తుంది.

రెండో పేజీలో పేపరు వార్తలా రాసిన వాక్యం ఉంది: "నిన్న ఉదయం గుంటూరు నుంచి విజయవాడ వెళ్తున్న బస్సును ఎదురుగా వస్తున్న లారీ ఢీకొట్టిన ఘటనలో గాయపడిన ప్రయాణికులను చేర్చిన ఆస్పత్రిని మంత్రి సందర్శించారు." పద్దెనిమిది మాటలు, వెళ్తున్న మొదలుకొని చేర్చిన దాకా ఐదు క్రియాజన్య విశేషణాలు, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణాలు. వ్యాకరణం తప్పు ఎక్కడా లేదు. కానీ తెలుగులో ముఖ్య క్రియ చివర వస్తుంది కనుక "సందర్శించారు" దాకా పాఠకుడు బస్సు, లారీ, ఘటన, ప్రయాణికులు, ఆస్పత్రి అన్నిటినీ నెత్తిన పెట్టుకుని నడవాలి. పైగా ఆ "నిన్న ఉదయం" ప్రమాదానిదా, మంత్రి రాకదా? మొదట్లో పడేసి వదిలేశావు. ఒక నామం ముందు ఇలాంటి విశేషణాలు రెండు దాటితే వాక్యం విరిచెయ్. ప్రమాదం ఒక వాక్యం, ఆస్పత్రి ఒక వాక్యం, మంత్రి ఒక వాక్యం.

చేసి, వెళ్ళి, తిని వంటి క్త్వార్థకాలతో నీకు ఇంకో తంటా ఉంది. "సీత బస్సు దిగి వాన మొదలైంది" అన్నావు. "దిగి" అనగానే, దిగినవాళ్ళే తరువాతి పనీ చేస్తారని పాఠకుడి ఆకాంక్ష. అక్కడ కర్త మారకూడదు. మార్చాలంటే తోక మార్చు: దిగగానే అంటే ఆ వెంటనే, దిగుతుండగా అంటే కాలు ఇంకా మెట్టు మీదే, దిగేసరికి అంటే దిగే వేళకు. మూడింటికీ తేడా ఉంది, నీ సన్నివేశానికి ఏది కావాలో నువ్వే చూసుకో. "దిగుతూ" మాత్రం వద్దు, దానికీ ఒకే కర్త కావాలి. మరి "వాన పడి చెరువు నిండింది" ఎలా ఒప్పయింది? అక్కడ మొదటిది రెండోదానికి కారణం. "దీపం ఒరిగి పాక అంటుకుంది" కూడా అంతే. "ఆయన పోయి మూడేళ్ళయింది" లాంటి కాలపు లెక్కలకూ ఈ మినహాయింపు ఉంది. సీత దిగడం వల్ల వాన రాదు కాబట్టి నీ వాక్యానికి ఆ సౌకర్యం లేదు.

క్త్వార్థకం పనిని మసకబారుస్తుందని కూడా గుర్తుంచుకో. "లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, పేపరు చూసి, స్నానం చేసి ఆఫీసుకు వెళ్ళాడు" అంటే వెలుగంతా వెళ్ళడం మీదే పడుతుంది. నీ కథలో అసలు సంగతి ఆ పేపరులో చూసిన ఫోటో కదా. మరి దాన్ని ఈ వరసలో నాలుగోదిగా ఎందుకు కూర్చోబెట్టావు? "పేపరు చూశాడు" అని అక్కడే వాక్యం ఆపాలి.

చివర "లేదు" వస్తే ఇంకా జాగ్రత్త. "అన్నం తిని బడికి వెళ్ళలేదు" అంటే తిన్నాడు గానీ వెళ్ళలేదా, వెళ్ళాడు గానీ తినలేదా? "తిన్నాడు కానీ వెళ్ళలేదు", "తినకుండానే వెళ్ళాడు" అని విడదీసి రాయి.

రెండు క్రియలు అతుక్కుని ఒకే అర్థమైపోయిన బంధాలు మరో జాతి. "అర్జీ రాసి పెట్టాడు" అంటే ఎవరికోసమో రాశాడని. "అర్జీ రాసి బల్ల మీద పెట్టాడు" అంటే నిజంగానే పెట్టాడు. మధ్యలో మాట దూరితే అతుకు విడిపోయి రెండో క్రియకు పాత అర్థం తిరిగొస్తుంది. "చెప్పి చూశాడు" అంటే ప్రయత్నించాడు, "చెప్పి అటు చూశాడు" అంటే కళ్ళతోనే. బంధం ఎంత గట్టిదో తెలియాలంటే మధ్యలో ఒక మాట దూర్చి చూడు. జాతీయాలు ఈ పరీక్షకు అస్సలు ఓర్చుకోవు. "కాలికి బుద్ధి చెప్పాడు" అంటే పారిపోయాడు. నువ్వు రాసిన "కాళ్ళకు గట్టిగా బుద్ధి చెప్పాడు"లో అతను ఎక్కడికీ పారిపోలేదు, కూర్చుని కాళ్ళను తిడుతున్నాడు. జాతీయం పక్కన అదే అవయవం పేరు పడకుండా కూడా చూసుకోవాలి. "తల పగిలిన మనిషిని చూసి డాక్టరు తల పట్టుకున్నాడు" అన్నచోట నాకు నవ్వొచ్చింది. అది నవ్వాల్సిన చోటు కాదు.

నామం కూడా తన క్రియను తానే అడుగుతుంది. "పెళ్ళికూతురు పట్టుచీర, గాజులు, మల్లెపూలు ధరించి వచ్చింది" అని మూడింటికీ ఒకే తాడు వేశావు. చీర కట్టుకుంటారు, గాజులు వేసుకుంటారు, పూలు పెట్టుకుంటారు. చొక్కా తొడుక్కుంటారు, కళ్ళజోడు పెట్టుకుంటారు. "ధరించు" తప్పు మాట కాదు, గంభీరంగా రాసే చోట బాగానే ఉంటుంది, కానీ పెళ్ళింటి సందడిలో అది గెజిట్ ప్రకటనలా వినిపిస్తుంది. అదే కోవలోవి మరికొన్ని: "ఈ ఇల్లు నాలుగు గదులను కలిగి ఉంది" (ఈ ఇంట్లో నాలుగు గదులున్నాయి), "లేఖ రవిచే రాయబడింది" (లేఖ రవి రాశాడు), "ఇల్లు యొక్క తలుపు" (ఇంటి తలుపు). ఇల్లు ఇంటి అయినప్పుడే, ఊరు ఊరి అయినప్పుడే, చెయ్యి చేతి అయినప్పుడే సంబంధం కుదిరిపోయింది. "యొక్క"కు అక్కడ పనేమీ లేదు.

వరస గురించి ఒక్క మాట. తెలుగులో బంధాలను ఎటైనా జరపొచ్చంటారు. జరపొచ్చు గానీ ఊరికే కాదు. క్రియకు సరిగ్గా ముందున్న బంధం మీద ఊనిక పడుతుంది. "రవికి ఉత్తరం ఇచ్చాను" అన్నది ఏమిచ్చావన్న ప్రశ్నకు జవాబు. "ఉత్తరం రవికి ఇచ్చాను" అన్నది ఎవరికన్న ప్రశ్నకు. ఇంకా నొక్కాలంటే "రవికే", మరీ నొక్కాలంటే "ఉత్తరం ఇచ్చింది రవికి". ఈ మూడు మెట్లలో ఏదో ఒకటే ఎక్కు. నువ్వు "ఇచ్చింది రవికే మాత్రమే" అని మూడు నాలుగు మెట్లు ఒకేసారి ఎక్కావు.

ఎనిమిది పేజీలూ ఒక్కసారిగా ముందేసుకోకు. రోజుకు ఒక పేరా తీసుకుని, బంధానికీ బంధానికీ మధ్య పెన్సిలుతో అడ్డగీత పెట్టు. ప్రతి బంధం తోక కింద గీత గీయి. తరువాత చివరి క్రియ దగ్గర నిలబడి వెనక్కి చూస్తూ ఎవరు, ఏమిటి, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ అని అడుగు. ఏ ప్రశ్నకైనా ఇద్దరు జవాబిస్తే అక్కడ సన్నిధి చెడింది. ఎవరూ పలకకపోతే, ఆ జవాబు ముందు వాక్యంలోనైనా ఉందో లేదో చూసుకో. ఆ తరువాత పైకి చదువు. గీత పెట్టని చోట ఊపిరి ఆగిందంటే గీతైనా తప్పు, వాక్యమైనా తప్పు.

ముందుగా ఆ లారీ వాక్యం విప్పి పంపు. "నిన్న ఉదయం" ఎక్కడ పెడతావో చూస్తాను.