కాగితం ముందు, డిజైన్ తర్వాత

ప్రశ్న: మా సంస్థను పరిచయం చేసే పన్నెండు పేజీల ఏ4 బ్రోచర్ అచ్చు వేయించబోతున్నాం. డిజైన్ పూర్తయింది. జీఎస్‌ఎమ్ ఎంత ఎక్కువ ఉంటే అంత ఘనంగా కనిపిస్తుందని కొందరు, నిగనిగలాడే ఆర్ట్ పేపరు తప్ప మరేదీ పనికిరాదని ఇంకొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: డిజైన్ అంతా అయిపోయాక కాగితం గురించి అడగడం అచ్చు పనిలో తరచుగా జరిగే పొరపాటు. చదివేవారి చేతికి అక్షరం కంటే ముందు కాగితమే అందుతుంది. దాని బరువు, బిగువు, గరుకుతనం, పేజీ తిప్పినప్పుడు అది చేసే చప్పుడు, ఇవన్నీ ఒక్క వాక్యమైనా చదవకముందే మీ సంస్థ మీద ఒక అభిప్రాయాన్ని కలిగించేస్తాయి. కాగితం ఏదో తేలాక దానికి తగినట్టు రంగులు, అక్షరాల పరిమాణం, బొమ్మల ముదురుతనం కుదుర్చుకోవాలి తప్ప, తయారైన డిజైన్‌ను ఏదో ఒక కాగితం మీదికి ఎక్కించకూడదు.

ఇక జీఎస్‌ఎమ్ సంగతి. అది నాణ్యతకు కొలమానం కాదు, తూకం మాత్రమే. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పే అంకె. ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారో వంతు కాబట్టి, ఆఫీసు ప్రింటర్‌లో పెట్టే 80 జీఎస్‌ఎమ్ ఏ4 కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు తూగుతుంది. పన్నెండు పేజీలంటే ఆరు ఆకులు గనుక, మీ బ్రోచర్‌ను మొత్తం 170 జీఎస్‌ఎమ్ మీద వేస్తే ఒక్కో ప్రతి దాదాపు 64 గ్రాములు, 130 మీద వేస్తే దాదాపు 49 గ్రాములు వస్తుంది. వేల ప్రతులను తపాలాలో పంపేవారికి ఆ పదిహేను గ్రాములు చిన్న విషయం కాదు.

తూకం, మందం ఒకటి కావన్నది చాలామంది పట్టించుకోని విషయం. గ్లాస్ (నిగనిగలాడే) ఆర్ట్ పేపరు మీద సుద్దలాంటి ఖనిజాల పూత ఉంటుంది. ఆ పూత నార కంటే బరువైనది, పైగా కాగితాన్ని రోలర్ల మధ్య గట్టిగా నొక్కి నునుపు తేలుస్తారు. అందుకే 130 జీఎస్‌ఎమ్ గ్లాస్ ఆర్ట్ పేపరు సుమారు 100 మైక్రాన్ల మందమే ఉంటే, అదే తూకం ఉన్న పూత లేని కాగితం దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు మందంగా ఉంటుంది. కాగితం వంగకుండా నిలబడే బిగువు మందంతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది కాబట్టి, తక్కువ తూకంతోనే చేతికి నిండుగా తగిలే బ్రోచర్ కావాలంటే పూత లేని కాగితమే మేలు. అంకె పెంచి ఘనత కొనుక్కోవాలనుకునేవారు సాధారణంగా బరువును మాత్రమే కొనుక్కుంటారు.

మీ బ్రోచర్‌లో ఏముంది అన్నదాన్ని బట్టి మిగతాది తేలుతుంది. వస్తువుల ఫొటోలు, వాటి మెరుపు, నేతలోని పోగులు కనిపించవలసిన చోట ఆర్ట్ పేపరు న్యాయం చేస్తుంది. దీపం కింద కూర్చుని తీరిగ్గా చదవవలసిన మాటలున్న చోట గ్లాస్ ఆర్ట్ పేపరు కంట్లో వెలుగు కొడుతుంది. అక్కడ మెరుపు లేని మ్యాట్ ఆర్ట్ పేపరో, పూత లేని కాగితమో ఉండాలి. చదివినవారు పెన్నుతో నింపవలసిన ఫారం ఏదైనా ఉంటే పూత లేని కాగితానికి ప్రత్యామ్నాయం లేదు. నన్ను నిర్ణయించమంటే 250 జీఎస్‌ఎమ్ మ్యాట్ ఆర్ట్ కార్డు కవరుగా పెట్టి, లోపలి ఎనిమిది పేజీలను 120 జీఎస్‌ఎమ్ పూత లేని కాగితం మీద వేయిస్తాను. పన్నెండు నాలుగుతో భాగించబడే సంఖ్య గనుక సెంటర్ పిన్ కొట్టడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

కాగితాన్ని, సిరాను, అచ్చును విడివిడిగా కాక ఒకే పనిగా చూడటం కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ 1757లో తన తొలి పుస్తకాన్ని వెలువరించినప్పుడు అక్షరాలను తానే రూపొందించుకుని, సిరాను తానే తయారు చేసుకుని, అచ్చయిన కాగితాలను వేడి చేసిన రాగి పలకల మధ్య నొక్కించి నునుపు తేల్చాడు. తయారీ జల్లెడ వదిలే జాలిగీతలు కనిపించని కాగితాన్ని కూడా ఆ పుస్తకంలో కొంత మేరకు వాడాడు. సన్నని గీతలున్న ఆయన అక్షరాలు అప్పటి గరుకు కాగితం మీద విరిగిపోయేవి. అక్షరం నిలవడానికి కాగితాన్నే మార్చవలసి వచ్చింది.

ప్రశ్న: ఒకే ఫైలును ఒకసారి ఆర్ట్ పేపరు మీద, మరోసారి మ్యాప్‌లితో అనే పూత లేని కాగితం మీద అచ్చు వేయించాం. మా లోగోలోని నిండు ఎరుపు రెండోదానిలో ఇటుకపొడి రంగుకు దిగిపోయింది, ఫొటోలు నల్లబడ్డాయి. తప్పు ప్రెస్సుదేనా?

జవాబు: ప్రెస్సువారిని నిందించేముందు ఒక సిరా చుక్క రెండు కాగితాల మీద ఏం చేస్తుందో ఊహించండి. పూత ఉన్న కాగితం మీద చుక్క పడిన చోటే నిలిచి, పైపైనే ఆరి, వెలుగును సూటిగా తిప్పికొడుతుంది. పూత లేని కాగితంలో అదే చుక్క నార మధ్యకు ఇంకి, పక్కలకు పాకుతుంది. ఇంకినందువల్ల రంగు వెలవెలబోతుంది, పాకినందువల్ల చుక్కలు పెద్దవై ఫొటో నల్లబడుతుంది. ఈ రెండోదాన్నే డాట్ గెయిన్ అంటారు. ఆర్ట్ పేపరుకు అంగుళానికి 175 గీతల (అంటే చుక్కల వరసల) స్క్రీన్ సులువుగా పెట్టగలిగినవారే, పూత లేని కాగితం దగ్గరికి వచ్చేసరికి 150కో 133కో దిగడం అందుకే. ఫొటోలను కూడా ఆ కాగితం కోసం ముందే కాస్త తేలికపరచి, నాలుగు రంగుల (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) మొత్తం సిరాను తగ్గించి, విడిగా ఇంకో ఫైలు తయారు చేయవలసింది. ఆ పని డిజైనర్‌ది. ఫైలు తెరిచి చూసి హెచ్చరించవలసిన బాధ్యత మాత్రం ప్రెస్సువారిది.

లోగో రంగు ఏ కాగితం మీదైనా ఒకేలా ఉండాలన్న పట్టుదల ఉంటే నాలుగు రంగుల మిశ్రమాన్ని వదిలి, ఆ రంగునే కలిపిన ప్రత్యేక సిరాతో ఐదో ప్లేటు (ఒక్కో రంగుకు వాడే అచ్చు పలక) వేయించండి. ఒక్కో రంగుకు ఒక్కో సంఖ్య, దానికి తగిన సిరా మిశ్రమం చెప్పే పాంటోన్ పద్ధతి 1963లో మొదలై నేటికీ ఉన్నది ఇందుకే. అయినా అక్కడ కూడా ఒకే సంఖ్యకు పూత ఉన్న కాగితానికి ‘సీ’ అని, పూత లేనిదానికి ‘యూ’ అని వేర్వేరు నమూనాలు ఉంటాయి. సిరా ఒకటే, కనిపించే రంగులు రెండు. కాబట్టి రంగును మొబైల్ తెర మీద కాకుండా, మీరు వాడబోయే రకం కాగితం మీద అచ్చయిన నమూనా పుస్తకంలో చూసి ఎంచుకోవాలి.

ఇంకో మాట. నాలుగు రంగుల అచ్చులో తెల్ల సిరా ఉండదు. తెలుపు అంటే కాగితమే. మీగడ రంగు కాగితం మీద మనుషుల ఫొటోలు వేస్తే పళ్లు, కంటి తెల్లగుడ్డు, చొక్కా అన్నీ పసుపు తిరుగుతాయి. అటువంటి కాగితానికి గీతల బొమ్మలు అతికినట్టు ఫొటోలు అతకవు.

గరుకు కాగితం మీద అసలు ఆఫ్‌సెట్ అచ్చు ఎలా పడుతుందని ఆశ్చర్యపోయేవారి కోసం ఒక చిన్న ముచ్చట. 1904 ప్రాంతంలో అమెరికాలో ఐరా రూబెల్ అనే ముద్రాపకుడి యంత్రంలోకి ఒకసారి కాగితం వెళ్లలేదు; అచ్చు రబ్బరు పరచిన సిలిండర్ మీద పడింది. ఆ వెనుక వచ్చిన కాగితానికి రెండో వైపు రబ్బరు మీది బొమ్మ అంటుకుని, ముందు వైపు కంటే స్పష్టంగా కనిపించింది. లోహం గరుకు కాగితపు పల్లాల్లోకి దిగలేదు, రబ్బరు దిగుతుంది. నేటి ఆఫ్‌సెట్ యంత్రాల్లోని బ్లాంకెట్ అనే రబ్బరు పొర చేస్తున్న పని అదే.

ప్రశ్న: ముదురు రంగు ఫోల్డర్ మడత దగ్గర తెల్లగా పగులుతోంది. కాగితం నాసిరకమా?

జవాబు: కాకపోవచ్చు. ఈ దెబ్బ నేనూ తిన్నాను. మొదట్లో ఒక సంస్థకు నిండు నేవీ బ్లూ ఫోల్డర్లు వేయించినప్పుడు, పెద్ద షీటులో ఇంకొకటి ఎక్కువ పడుతుందని అమరికను అడ్డంగా తిప్పమన్నాను. షీట్ల లెక్కలో ఆదా కనిపించింది. బైండింగ్ నుంచి వచ్చిన కట్ట విప్పి చూస్తే ప్రతి ఫోల్డర్ నడుం మీదా సుద్దముక్కతో గీసినట్టు తెల్లని గీత ఉంది. కాగితం మంచిదే, ప్రెస్సు పని చక్కగానే ఉంది. తప్పు నా అమరికది.

యంత్రం మీద కాగితం తయారవుతున్నప్పుడు నారలో ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశలోనే పడుకుంటుంది. దీన్నే గ్రెయిన్ అంటారు. మడత గ్రెయిన్ వెంట పడితే నార పక్కకు ఒరిగి సాఫీగా వంగుతుంది. అడ్డంగా పడితే నార విరుగుతుంది, దాని మీది పూత, సిరా పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. గ్రెయిన్ ఏ దిశలో ఉందో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. ఒక చదరపు ముక్క కత్తిరించి ఒక వైపు తడిపి వదిలితే అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిశలో ఉంటే గ్రెయిన్ ఆ దిశలో ఉన్నట్టు. తడపడం ఇష్టం లేకపోతే షీటును రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూడండి. సులువుగా లొంగిన మడత గ్రెయిన్ వెంట పడుతున్నట్టు.

170 జీఎస్‌ఎమ్ దాటిన కాగితాన్ని గ్రెయిన్ సరిగా ఉన్నా నేరుగా మడవకండి, ముందు క్రీజింగ్ (మడత పడే చోట గాడి నొక్కడం) చేయించండి. డిజిటల్ యంత్రంలో టోనర్‌తో అచ్చయినది మరీ త్వరగా పగులుతుంది. వీలైతే మడత పడే చోట ముదురు రంగు లేకుండా డిజైన్ చేసుకోవడం అన్నింటికంటే నిశ్చింత.

ప్రశ్న: ఉత్పత్తి విడుదల సందర్భంగా పంచే ఆహ్వాన కార్డుకు బంగారు ఫాయిల్ (మెరిసే లోహపు పొర), స్పాట్ యూవీ (కొన్ని చోట్ల మాత్రమే మెరుపు పూత), ఎంబాసింగ్ (కాగితాన్ని ఉబ్బెత్తుగా లేపడం) మూడూ పెట్టాలని మా ఆలోచన. ఎలా ఉంటుంది?

జవాబు: మూడూ ఉంటే కార్డును చూసినవారికి ఆహ్వానం గుర్తుండదు, ఫినిషింగ్ పనుల జాబితా గుర్తుంటుంది. ఒక్కదాన్ని ఎంచుకుని దానికి తగిన కాగితం మీద ఖర్చు పెట్టండి.

నా ఓటు రంగు లేని ఎంబాసింగ్‌కు. పూత లేని, పొడవు నార ఉన్న 300 జీఎస్‌ఎమ్ కార్డు మీద సిరా ఏమీ లేకుండా గుర్తును మాత్రమే పైకి లేపితే, ఎదురుగా పట్టుకున్నప్పుడు అది దాదాపు కనిపించదు. కార్డును కిటికీ వైపు కొద్దిగా వంచగానే అంచున సన్నని నీడ పడి గుర్తు తేలుతుంది, బొటనవేలు తనంతట తానే దాని మీదికి వెళుతుంది. వెనుక వైపు అదే గుర్తు గుంటగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ మాటలేవీ పెట్టకూడదు. సన్నని కాగితం మీద ఎత్తు నిలవదు, పూత ఉన్నదైతే అంచుల్లో పగలవచ్చు.

ఫాయిల్ వేడి, ఒత్తిడి కలిసి చేసే పని. వెంట్రుకవాసి గీతల మధ్య ఖాళీలు దానిలో పూడుకుపోతాయి, బాగా గరుకైన కాగితం మీద పల్లాల దగ్గర తెగిపోతుంది. స్పాట్ యూవీ మ్యాట్ లామినేషన్ మీదనే రాణిస్తుంది, ఎందుకంటే మెరుపు తెలియాలంటే పక్కన మెరవనిది ఉండాలి. అయితే కట్టింగ్‌లోనో అమరికలోనో అర మిల్లీమీటరు జరిగినా చిన్న అక్షరం పక్కన దాని నీడలా మెరుపు కనిపిస్తుంది. పెద్ద బొమ్మకో లోగోకో వాడండి, పేరా మొత్తానికి కాదు.

లామినేషన్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. నల్లని నేపథ్యం మీద మ్యాట్ లామినేషన్ ప్రెస్సు నుంచి వచ్చిన రోజు పట్టులా ఉంటుంది, పది చేతులు మారేసరికి వేలిముద్రలు, గీతలు తేలుతాయి. ఒకే వైపు చేయిస్తే రెండో వైపు గాలిలోని తేమ పీల్చుకుని కార్డు వంకర తిరుగుతుంది. ప్లాస్టిక్ పొర అంటుకున్న కాగితాన్ని మళ్లీ గుజ్జు చేయడం కష్టం. పర్యావరణం గురించి మాట్లాడే బ్రోచర్లకు సైతం లామినేషన్ చేయించేవారిని చూసి నాకు నవ్వొస్తుంది.

ప్రశ్న: ముదురు నేపథ్యం మీద తెల్లని తెలుగు అక్షరాలు చదవలేకుండా వచ్చాయి. ఇంగ్లిషు మాత్రం బాగానే ఉంది. ఎందుకు?

జవాబు: తెలుగు అక్షరంలో గుండ్రాలు, తలకట్లు, కింద ఇంకా చిన్న పరిమాణంలో ఒత్తులు ఉంటాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల్లో ఒక ఒత్తు కింద మరొకటి చేరుతుంది. నేపథ్యం మూడు నాలుగు రంగుల మిశ్రమమైతే, వాటిలో ఏ ఒక్క ప్లేటు రవ్వంత జరిగినా ఆ రంగు తెల్లని గీతలోకి చొరబడుతుంది. పూత లేని కాగితమైతే సిరా పాకడం కూడా తోడవుతుంది. నేపథ్యాన్ని ఒకే ప్రత్యేక సిరాతో వేయించండి, అక్షరం పన్నెండు పాయింట్లకు తగ్గకుండా, సన్నగీత ఫాంటు కాకుండా చూడండి, వరసల మధ్య ఒత్తులకు చోటు వదలండి. తెల్ల కాగితం మీది నల్లని అక్షరాలను కూడా నాలుగు రంగులతో కాక నల్ల ప్లేటుతో మాత్రమే వేయించాలి.

ప్రశ్న: అచ్చుకు అనుమతి ఇచ్చేముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: రంగుల ప్రూఫును పసుపు దీపం కింద చూడకండి; ప్రెస్సులో 5000 కెల్విన్ల ప్రామాణిక దీపం ఉంటే దాని కింద, లేకపోతే నేరుగా ఎండ పడని పగటి వెలుగులో చూడండి. అంచుల దాకా రంగు ఉన్న పేజీలకు 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కట్టింగ్ అంచు దాటి పొడిగించిన రంగు) ఉందా, ముఖ్యమైన మాటలు కట్టింగ్ అంచుకు మరీ దగ్గరగా ఉన్నాయా అన్నవి ఆ తర్వాతి సంగతులు. వీటన్నింటికంటే ముందే అచ్చు లేని తెల్ల నమూనా ఒకటి చేయించుకోండి. మీరు ఎంచుకున్న కాగితంతోనే, అదే పరిమాణంలో, అవే మడతలతో, అవే పిన్నులతో చేసి ఇమ్మంటే ప్రెస్సువారు కాదనరు. దాన్ని చేత్తో తిప్పి చూడండి, బల్ల మీద పెట్టి కవరు దానంతట అది తెరుచుకుంటుందేమో గమనించండి, తూచండి, పంపబోయే తపాలా కవరులో పెట్టి అంటించి చూడండి. కవరు నోరు మూసుకోవడం లేదని అయిదు వేల ప్రతులు అచ్చయ్యాక తెలిసిన సందర్భాలు నాకు రెండు గుర్తున్నాయి.