ధ్రువణమా, ధృవణమా?

సందేహం: కాలేజీ పత్రికకు సూపర్నోవాల (పేలిపోయే నక్షత్రాల) మీద వ్యాసం రాశాను. కంపనాలు ఎక్కువగా ఒకే దిశలో ఉండే కాంతిని (పోలరైజ్డ్ లైట్) నేను 'ధృవణ కాంతి' అని రాస్తే మా సారు 'ధ్రువణ' అని దిద్దారు. 'ధ్రువకాంతి' అంటే సరిపోతుంది కదా అని స్నేహితురాలు అంటోంది. ఏది సరైనది? 'భారీ నక్షత్రం పేలినప్పుడు దాని ప్రకాశం ధృవణ కాంతి ద్వారా కొలవబడుతుంది' అన్న వాక్యం బాగుందా?
– ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ సారు దిద్దిందే ఒప్పు. ధకారానికి క్రావడి, కొమ్ము ఉండాలి; వట్రసుడి కాదు. మనం ఋకారాన్ని 'రు' అనే పలుకుతాం కాబట్టి ధృ, ధ్రు చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. జిరాక్సు షాపు బోర్డుల మీద 'కుల ధృవీకరణ పత్రం' కనిపించేది అందుకే. ధృతి, ధృతరాష్ట్రుడు 'ధృ' ధాతువు నుంచి వచ్చాయి, పట్టి ఉంచడం దాని అర్థం. ధ్రువం దారి వేరు, అది స్థిరంగా ఉండేది. ఋకారాన్ని 'రి' అనే హిందీవాళ్లకు ఈ తికమక లేదు. మీ ఊరి హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టి 2021లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ ధ్రువ్‌ను ఎవరూ 'ధ్రివ్' అనరు కదా!

'ధ్రువకాంతి' మాత్రం వద్దు. ధ్రువ ప్రాంతాల ఆకాశంలో మెరిసే అరోరాలను ధ్రువకాంతులు అంటున్నాం. మీ పాఠకుడు నార్వే వెళ్లిపోతాడు. ధ్రువణం జరిగిన కాంతిని 'ధ్రువిత కాంతి' అనండి.

ఇక వాక్యం. 'కొలవబడుతుంది' ఎబ్బెట్టుగానే ఉంది, కానీ అసలు చిక్కు విషయంలో ఉంది. ప్రకాశం వేరు, ధ్రువణం వేరు. వెలుగును రోజూ కొలుస్తూ పోతే పేలుడు శక్తి ఎంతో, అది ఎలా చల్లారుతోందో తెలుస్తుంది. ధ్రువణం చెప్పేది ఆకారం. ఎగజిమ్మిన పదార్థం బంతిలా అన్ని వైపులా సమంగా వ్యాపిస్తే, ఒక పక్క కాంతి కంపనాలు ఇంకో పక్క వాటితో చెల్లుకు చెల్లయిపోతాయి. సాగి ఉంటే కొంత మిగులుతుంది, అదీ తరచూ మొత్తం కాంతిలో ఒక శాతం అటూ ఇటూ. అంత దూరాన పేలిన నక్షత్రం పెద్ద టెలిస్కోపుకైనా చుక్కే, అందుకే ఈ కాస్త మిగులుకు అంత విలువ. 2024 ఏప్రిల్‌లో కనిపించిన ఎస్‌ఎన్ 2024జీజీఐ అనే సూపర్నోవాను చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో మర్నాడే ఇలా పరిశీలించారు. తొలి పేలుడు బంతిలా కాక ఆలివ్ కాయలా సాగి ఉందని తేల్చారు. నక్షత్రం నుంచి మనదాకా దారిలో ఉన్న ధూళి కూడా కాంతిని ధ్రువితం చేస్తుంది, ఆ వాటాను తీసెయ్యాలి. వ్యాసంలో ఆ ముక్క కూడా వెయ్యండి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: 'పేలిన భారీ నక్షత్రం ప్రకాశాన్నీ, దాని కాంతిలోని ధ్రువణాన్నీ శాస్త్రవేత్తలు విడివిడిగా కొలుస్తారు.' సూపర్నోవాను అలాగే ఉంచండి. బృహన్నవ్యతార అని రాస్తే పక్కనే బ్రాకెట్లో మళ్లీ సూపర్నోవా అని రాయక తప్పదు.